ఇద్దరు సూర్యుల భవనం

ఐదంతస్తుల అద్దాల భవనాన్ని గంటన్నరలో ఎక్కణ్ణుంచి తేవాలో పిక్సెల్‌కు తోచడం లేదు.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల బిస్కెట్ల కంపెనీ మేడం పెట్టేసి నిమిషం దాటింది. "మీ సొంత బిల్డింగు ఫొటో చూశాను. పదకొండున్నరకి వచ్చి అక్కడే కలుస్తా. మీ పని సంగతి తేల్చేద్దాం" అంది, అంతే. సొంత భవనం లేదు. సైకిల్ రిపేరు షాపు మీద రెండు అద్దె గదులున్నాయి. వాటిలో నాలుగు కుర్చీలున్నాయి. నాలుగోది పోయిన నెలలో కొన్నారు. ఈ ఏడాది అతని డిజైన్ కంపెనీ ఎదుగుదల అంటే అదే.

గీతను వెంట్రుకవాసి ఇటు జరపాలా, అటు జరపాలా అని పూటంతా ఆలోచిస్తాడు కాబట్టి యజమానిని అందరూ పిక్సెల్ అనే పిలుస్తారు. ఫోన్లూ, వచ్చేపోయేవాళ్ళ సంగతీ అతని భార్య చూసుకుంటుంది. మాటలు రాయడానికి ఒక మనిషి ఉన్నాడు. ఒక్క వాక్యం అడిగితే పేజీ నింపుతాడు కనుక అతను కవిగారు.

ఆ సోమవారం పొద్దున పెట్టుకున్నది చాలా మామూలు పని. కంపెనీ వెబ్ పేజీలో 'ఇటీవలి ప్రాజెక్టులు' అని ఒక పళ్ళ డాక్టరు బోర్డు, ఒక బడి వార్షిక సంచిక, రెండు సబ్బు పెట్టెలు చూపించాలి. పదవుతుండగా పేజీ తెరిస్తే అక్కడ అప్పటికే ఐదంతస్తుల భవనం నిలబడి ఉంది. దాని నుదుటన వీళ్ళ కంపెనీ పేరుంది. కింద రెండు ముక్కలున్నాయి: 'మా ఎదుగుదలలో మరో మెట్టు. మా సొంత భవనం.'

ఆ భవనాన్ని కట్టింది మాత్రం పిక్సెలే. శనివారం మధ్యాహ్నం, కుర్చీలోంచి లేవకుండా, ఇరవై నిమిషాల్లో కట్టాడు. దానికి కారణం తోడల్లుడు.

తోడల్లుడిదీ డిజైన్ కంపెనీయే, ఊరికి అవతలి చివర. వారానికొక ఘనత పేజీలో పెడతాడు. ఒక వారం బస్సంతా అతను వేసిన బొమ్మే. ఇంకో వారం మూడు ఊళ్ళలో మూడు హోర్డింగులు. అవి చూసినప్పుడల్లా పిక్సెల్ కడుపులో పొయ్యి వెలిగేది. భార్య దాన్ని ఆరనిచ్చేది కాదు. "అక్క ఫోన్ చేసింది. బావగారికి ఇంకో హోర్డింగొస్తోందట. మీ పళ్ళ డాక్టరు కులాసానా అని అడిగింది" అనేది. శనివారమూ అదే ఫోన్, అదే మాట.

బోర్డు గోడకెక్కితే ఎలా ఉంటుందో చూపడానికి, ఎక్కడిదో ఒక భవనం ఫొటో మీద బోర్డు బొమ్మ అతికించి చూపించడం డిజైన్ వాళ్ళకు అలవాటు. మాకప్ అంటారు. పిక్సెల్ ఆ పూట తన బోర్డునే అతికించుకున్నాడు. కాసేపు తనివితీరా చూసుకున్నాడు. మంట చల్లారింది. బొమ్మ దాచేసి ఇంటికి పోయాడు.

"మరి దీన్ని పెట్టిందెవరు?" అని ఇప్పుడు గది అదిరేలా అరిచాడు.

"ఎవరో తేలేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టను" అంది భార్య. "ఏం కవిగారూ, శనివారం అందరికంటే చివర వెళ్ళింది మీరేగా?"

కవిగారు తెల్లబోయాడు. "అమ్మా, నేను రాస్తే రెండు ముక్కల్లో ఆగుతుందా? ఆకాశం దగ్గర మొదలుపెట్టి అంతస్తుకో పద్యం చొప్పున దిగేవాణ్ణి కాదూ?"

ఆ సాక్ష్యానికి తిరుగు లేదు.

"అయితే మా అన్నయ్యే" అన్నాడు పిక్సెల్ తోడల్లుణ్ణి తలచుకుని. "పాస్‌వర్డ్ ఎలాగో పట్టుకుని నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నాడు."

"బావగారా? ఆయనే పెడితే ఐదంతస్తులూ ఉంచుతారా? మూడు కోసేసి పెడతారు."

"ఎవరైతేనేం, తీసిపారేస్తా."

"తీసేస్తే మేడంకి ఏం చెప్తారు?"

పిక్సెల్ చేయి ఆగిపోయింది. నలభై రెండు రకాల బిస్కెట్ల పెట్టెలు, అన్నీ కొత్తగా చేయాలి. ఆ పని వస్తే కంపెనీ నిలబడుతుంది. రాకపోతే పళ్ళ డాక్టరే దిక్కు. ఆయనకున్నది ఒక్కటే బోర్డు, అది అయిపోయింది. భవనాన్ని తీసేస్తే అబద్ధమని తామే ఒప్పుకున్నట్టు. ఉంచితే చూపించాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడే తలుపు తోసుకుని గదుల ఓనరు వచ్చాడు. వెనకే మెడలో టేపుతో ఒక టైలరు.

"సొంత బిల్డింగట! శుభం బాబూ. ఎలాగూ ఖాళీ చేస్తున్నారు కదా అని ఈయనకి మాటిచ్చేశా."

"అయ్యో, మేం ఖాళీ చెయ్యట్లేదండీ!"

"అదేం? బిల్డింగు లేదా?"

పిక్సెల్ లెక్క వేసుకున్నాడు. ఈయనకు లేదని చెబితే పావుగంటలో బజారంతా తెలుస్తుంది. మేడం రావలసింది ఆ బజారులోంచే. "ఉంది... కాకపోతే అద్దాలు తుడుస్తున్నారు."

"తుడవనీ. ఈలోగా ఈయన కొలతలు తీసుకుంటాడు."

టైలరు బల్ల పొడవు కొలిచాడు, కిటికీ కొలిచాడు, అడ్డంగా ఉన్నావని పిక్సెల్‌ను కాస్త జరగమన్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా తోడల్లుడూ వదినా దిగారు. తోడల్లుడు పూలగుత్తిని ఎవరి పీకో పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అభినందనలు తమ్ముడూ. మాట మాత్రమైనా చెప్పలేదే?"

"రోజూ గంటసేపు ఫోన్లో మాట్లాడుతుంది మా చెల్లెలు" అంది వదిన. "కూర మాడిన సంగతి కూడా చెప్తుంది. ఐదంతస్తులు మాత్రం మింగేసింది. ఎంత గుట్టే నీకు!"

తోడల్లుడి మొహం ఆముదం తాగినట్టుంది. అంత భయంలోనూ పిక్సెల్ ఆ మొహాన్ని ఒక్క క్షణం ఆనందంగా చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణమే మిగిలింది. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బిస్కెట్ల మేడం, అరగంట ముందే.

"కింద సైకిల్ షాపాయన పైకి పొమ్మన్నాడు. ఏదీ బిల్డింగు?"

"అద్దాలు తుడుస్తున్నారండీ" అన్నాడు ఓనరు, అతిథి మర్యాదగా.

"పర్లేదు, తడిగా ఉన్నా చూస్తా."

తోడల్లుడు ఫోన్ తీసి ఆ బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేస్తున్నాడు. ఓర్వలేని కంటికి భూతద్దం అక్కర్లేదు. "తమ్ముడూ" అన్నాడు తీరిగ్గా, "భవనం నీడ కుడివైపు పడింది. నీ బోర్డు నీడ ఎడమవైపు పడింది. మీ వీధిలో సూర్యుళ్ళు ఇద్దరా?"

టైలరు కూడా టేపు చుట్టేసి తొంగి చూశాడు.

వెంట్రుకవాసి తేడా కోసం పూటంతా కూర్చునే మనిషి నీడ మరిచిపోయాడు. భవనం అబద్ధమని బయటపడినందుకంటే దానికే పిక్సెల్‌కు తల కొట్టేసినట్టయింది. తోడల్లుడి పేజీ తెరిచాడు. ఇన్నాళ్ళూ ఆ హోర్డింగులను కుళ్ళుకుంటూ చూశాడే గాని, డిజైనరులా ఒక్కసారీ చూడలేదు.

"అన్నయ్యా, మూడు ఊళ్ళలో మీ మూడు హోర్డింగుల కిందా ఒకే గొడుగాయన నడుస్తున్నాడేంటి? అదే గొడుగు, అదే అడుగు. మీ కంపెనీ మనిషా?"

పూలగుత్తి జారిపోయింది.

"ఆ బస్సు?" అంది భార్య ఆత్రంగా.

కవిగారు వంగి చూశాడు. "డ్రైవరు లేడు." అతను జన్మలో పలికిన అతి చిన్న వాక్యం అదే.

వదిన మొగుడి వైపు తిరిగింది. "అందుకా, హోర్డింగు చూపించండీ అంటే దూరం దూరం అంటారు?"

మేడం ఈ సందడంతా విని, నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంటే బిల్డింగు లేదు. ఈ రెండు గదులే."

"ఈ రెండు గదులేనండీ" అన్నాడు పిక్సెల్. నలభై రెండు పెట్టెలకూ కళ్ళ ముందే మూతలు పడిపోయాయి.

"హమ్మయ్య!" అంది మేడం.

ఎవరికీ అర్థం కాలేదు.

"పోయినసారి మా పెట్టెలు ఒక పెద్ద కంపెనీకిచ్చాం. పెద్ద బిల్డింగే. ఎవరు చేశారో వాళ్ళకే తెలీదు. చివరికి ఉప్పు బిస్కెట్ల పెట్టె మీద తీపి బిస్కెట్ల బొమ్మొచ్చింది. అందుకే ఒక్క మనిషి దగ్గరుండి చేసే చిన్నచోటు వెతికి మిమ్మల్ని అనుకున్నాం. ఈ ఫొటో చూసి మావాళ్ళు వద్దనేశారు. అది మొహం మీదే చెప్పిపోదామని వచ్చా."

"అయితే పని మాకే..."

"ఆగండి. లేని బిల్డింగు ఉందన్న చెయ్యి మా పెట్టెల మీద పడకూడదు. పెట్టింది మీరే అయితే ఇక్కడితో సరి. ఇంకెవరైనా అయితే పేరు చెప్పండి. ఆ మనిషి మా పని జోలికి రాకపోతే చాలు. ఎవరు?"

పిక్సెల్ దగ్గర పేరు లేదు. కవిగారు రెండు చేతులూ జోడించాడు. భార్య "ఎవరో ఏమో" అంది కిటికీలోకి చూస్తూ.

"తెలీదంటే మీరేననుకోవాలి" అని మేడం సంచీ అందుకుని లేచింది.

మూడు హోర్డింగులూ ఒక్క పూటలో పోగొట్టుకున్న వదినకు కడుపుమంట ఎవరి మీదైనా తీర్చుకోవాలి. చెల్లెలు దొరికింది. "పోనీలే చెల్లీ. ఆ కంప్యూటరు మిషనే పొరపాటున పెట్టేసుకునుంటుంది. మావారంటే అబద్ధమైనా మూడు ఊళ్ళలో ఆడారు. మీ ఇంట్లో అంత తెగువ ఎవరికుంది? నీకా? నీకసలు ఆ పేజీ తెరవడమైనా వచ్చునా?"

భార్య ఒంటికాలి మీద లేచింది.

"నాకు రాదా? నాకా? శనివారం నువ్వు పళ్ళ డాక్టరు గురించి అడిగి పకపకా నవ్వి ఫోన్ పెట్టేశావు చూడూ, అప్పుడే అనుకున్నా. ఈయన ఆ బొమ్మ చేసుకుని దాచుకుంటుంటే వెనకనుంచి చూశా. దాన్ని తీసింది నేను!"

మేడం గుమ్మంలో ఆగింది.

"ఆ రెండు ముక్కలు రాసింది నేను! నువ్వు కళ్ళు తెరిచేసరికి కనపడాలని పొద్దున ఆరింటికే పెట్టింది నేను! మిషనూ కాదు, మరొకరూ కాదు. నేనే అక్కా, నేనే పెట్టాను!"

బహుమతి అందుకునేవాళ్ళు కూడా వేదిక మీద అంత గట్టిగా చెప్పుకోరు.