రాడాన్‌కు ఏడు రోజుల గడువు

"మా ప్రభుత్వ క్వార్టర్స్‌లో రాడాన్ అనే గ్యాస్‌కు స్థానం లేదు" అని గృహశాఖ మంత్రిగారు ప్రకటించిన సమయానికి, కొలతల టెక్నీషియన్ రిపోర్టు పట్టుకుని ఆయన గది బయటే నిలబడి ఉంది. ఆ రిపోర్టులో మాత్రం రాడాన్ ఉందనే రాసి ఉంది.

ఆమె మూడు నెలలపాటు క్వార్టర్స్ కింది అంతస్తుల్లోని నలభై ఇళ్లలో డిటెక్టర్లు పెట్టింది. ముప్పై ఒక్క ఇళ్లలో పరిమితికి నాలుగు రెట్లు తేలింది. ఇది నేల పగుళ్లలోంచి పైకి వస్తుందని, రంగూ వాసనా ఉండవని, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చని లోపలికి వెళ్లి మంత్రిగారికి ఓపికగా వివరించింది. పగుళ్లు పూడ్చి, నేల కిందినుంచి కప్పు మీదికి గొట్టం వేసి ఫ్యాన్ పెడితే తగ్గుతుందంది.

మంత్రిగారు అంతకంటే ఓపికగా విని పక్కనే ఉన్న శాఖ డైరెక్టరు వైపు తిరిగారు.

"అంటే అనుమతి లేకుండా ఉంటోందన్నమాట. ఖాళీ చేయమని నోటీసివ్వండి."

"ఎవరి పేరున సార్?"

"గ్యాస్ పేరునే."

ఆ నిర్ణయశక్తికి డైరెక్టరుగారు ముగ్ధులైపోయారు. మర్నాటికల్లా తలుపు తలుపుకీ నోటీసు అంటించారు. ఏడు రోజుల గడువు.

టెక్నీషియన్‌కు మనసు ఊరుకోలేదు. ఆ సాయంత్రమే క్వార్టర్స్ కింది అంతస్తులో ఉండే ఒక కుట్టుపనావిడ ఇంటికి వెళ్లింది. ఆవిడ పిల్లలిద్దరూ నేల మీదే పడుకుంటారు.

"మమ్మల్నేనా ఖాళీ చేయమంటున్నారు?" అంది ఆవిడ నోటీసు చూపిస్తూ.

"మిమ్మల్ని కాదక్కా. కిటికీలు తీసి ఉంచండి. అది చాలదు, అయినా తీసి ఉంచండి. పక్కవాళ్లకీ చెప్పండి."

ఎనిమిదో రోజు మంత్రిగారు తనిఖీకి వచ్చేసరికి వీధి వీధంతా కిటికీలు తెరిచి ఉన్నాయి. తనను చూడ్డానికేననుకుని ఆయన అటూ ఇటూ చేతులూపుతూ నడిచారు. గ్యాస్ ఎక్కడా కనబడలేదు. గడువులోగా ఖాళీ చేసిందని విలేఖరులకు చెప్పి, కారెక్కబోతూ టెక్నీషియన్‌ను పక్కకు పిలిచారు.

"పై అంతస్తుల్లో కూడా ఉంటుందామ్మా?"

"చాలా తక్కువ సార్."

సోమవారం మంత్రిగారి ఆఫీసు కింది అంతస్తునుంచి అయిదో అంతస్తుకు మారింది. పాత గదిని, టెక్నీషియన్ సేవలకు గుర్తింపుగా, కొత్తగా పెట్టిన రాడాన్ విభాగానికి కేటాయించారు. ఆ ముప్పై ఒక్క ఇళ్లకూ గొట్టాలు ఎప్పుడు వేస్తారని ఆమె అడిగింది.

"అది ఖాళీ చేసేసింది కదమ్మా" అన్నారు డైరెక్టరుగారు, తాళంచెవి ఆమె చేతిలో పెడుతూ. షరతు ఒక్కటేనట. పై అంతస్తులకు వెళ్లే మెట్లవైపు తలుపు మాత్రం ఎప్పుడూ మూసే ఉంచాలట.