నీళ్లు తగలని జగ్గు

పిల్లలకి కొలతలు నేర్పడానికి నీళ్లు కావాలని ఎవరైనా అంటే నమ్మకండి! ఏ గిన్నెలో ఎక్కువ పడుతుంది, ఏ గిన్నెలో తక్కువ పడుతుంది అనే మహత్తరమైన విద్యని చుక్క నీరు లేకుండా, పొడిపొడిగా నేర్పడమే ఈ కాలం మనకి చేసిన మహోపకారం.

కాదంటారా? అయితే 2002లో మీరు కొత్తపేటలో ధర్మరాజు గారి ఇంగ్లీషు మీడియం స్కూలు చూసి ఉండాల్సింది. రాజమండ్రి నుంచి తెప్పించిన కొలతల కిట్టు ఆఫీసు రూములో అద్దాల బీరువాలో ఉండేది. నీలం జగ్గు, నాలుగు మగ్గులు, ఎర్ర గరాటా. బీరువాకి తాళం. మూడేళ్లయినా జగ్గు మీద స్టిక్కరు ఊడలేదు! యూకేజీ పిల్లలు వారానికోసారి వరసగా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, జగ్గుని దర్శనం చేసుకుని వెళ్లేవారు. వాడపల్లి వెంకన్న దగ్గర కూడా క్యూ అంత బుద్ధిగా కదలదు.

ఎన్ని లాభాలో చూడండి. యూనిఫాం తడవదు. ఆయా గచ్చు తుడవక్కర్లేదు. పక్కనే కాలవ నిండుగా పారే ఊళ్లో చెంబెడు నీళ్లు ఆదా! అన్నిటికీ మించి, పిల్లలు ప్రశ్నలు వెయ్యరు. చెయ్యి తడిసిన పిల్లతో ఎంత ప్రమాదమో లక్ష్మీదుర్గని అడగండి, చెబుతుంది.

ఆవిడ కూతురు కృష్ణవేణి యూకేజీ. ఏడాది చివర ఇంటర్వ్యూ గట్టెక్కితేనే ఒకటో క్లాసులో సీటు, లేకపోతే మళ్లీ యూకేజీయే. తోటికోడలి కొడుకు నిరుడే గట్టెక్కేశాడు. ఇప్పుడు తన కూతురు ఆగిపోతే ఆ ఇంట్లో లక్ష్మీదుర్గ తలెత్తుకు తిరగగలదా?

పిల్లకి తెలివితేటలు లేక కాదు. ఖర్మ కాలి దానికి నాయనమ్మ ఉంది! సుబ్బాయమ్మ గారికి రెండు పాడిగేదెలు. రోజూ పొద్దున్నే వాకిట్లో ఇత్తడి సోలతో కొలిచి వాడకం ఇళ్లకి పాలు పోస్తుంది. పక్కనే గోలెం దగ్గర మనవరాలు ఇంకో పాత సోల పుచ్చుకుని చెంబులోకీ, చెంబులోంచి గిన్నెలోకీ, గిన్నెలోంచి గౌను మీదకీ నీళ్లు పోసుకుంటూ పెరిగింది. ఇలాంటి పిల్ల ఏం బాగుపడుతుంది?

అనుకున్నంతా అయింది. పుస్తకంలో రెండు బొమ్మలిచ్చి, ఎక్కువ పట్టేదానికి టిక్కు పెట్టమన్నారు. ఒకటి పొడుగ్గా సన్నగా ఉన్న గ్లాసు, ఇంకోటి పొట్టిగా లావుగా ఉన్న గిన్నె. టీచరు దగ్గరున్న జవాబుల పుస్తకంలో గ్లాసని ఉంది. కృష్ణవేణి గిన్నెకి పెట్టింది. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు!

"మనింట్లో ఉన్నాయి కదమ్మా, పోసి చూసేను. రెండు గ్లాసులు పోస్తేగానీ గిన్నె నిండలేదు," అంది పిల్ల.

"నిన్ను పోసి చూడమన్నారటే? చూడమన్నారంతే!" అంది లక్ష్మీదుర్గ.

ఆ పూటే పిల్ల చేతిలో సోల అటకెక్కింది. తల్లి పది రోజులు వల్లెవేయించింది. పొడుగు ఎక్కువ, పొట్టి తక్కువ. పొడుగు ఎక్కువ, పొట్టి తక్కువ.

"అయితే నువ్వు ఎక్కువ, నాయనమ్మ తక్కువా?" అనడిగింది కృష్ణవేణి. లక్ష్మీదుర్గకి ఇంగ్లీషు చదువు మీద గౌరవం ఇంకా పెరిగింది.

సుబ్బాయమ్మ మాత్రం ఊరుకోలేదు. "చెయ్యి తడవకుండా కొలతెలా వస్తుందే అమ్మాయ్?"

"మీకు తెలీదు, ఊరుకోండి అత్తయ్యగారూ!"

శనివారం ఇంటర్వ్యూ. ధర్మరాజు గారు అవే బొమ్మలు చూపించారు. కృష్ణవేణి చేతులు వెనక్కి కట్టుకుని, "పొడుగు గ్లాసండి!" అంది. "వెరీ గుడ్!" అని చాక్లెట్టిచ్చారు. "లిస్టు సోమవారం పెడతామండీ," అన్నారు. లక్ష్మీదుర్గ కాళ్లు నేల మీద ఆనలేదు. లిస్టు రాకుండానే ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి వీధంతా పంచేసింది.

ఆదివారం పొద్దున్నే ధర్మరాజు గారే స్వయంగా చెంబు పట్టుకుని వచ్చారు. "చుట్టాలొచ్చేరండీ. రెండు సోలల పాలు కావాలి."

సుబ్బాయమ్మ రెండో గేదె దగ్గర పాలు పితుకుతోంది. "సారుగారికి పొయ్యవే వేణీ!" అని కేకేసింది. సోల ముట్టుకోవద్దని అమ్మ ఆజ్ఞ కదా! పిల్ల పొడుగు గ్లాసు తీసుకుని, అంచు దాకా నింపి, చెంబులో పోసి, చేతులు వెనక్కి కట్టుకుంది.

ధర్మరాజు గారు చెంబులోకి తొంగి చూశారు. "మిగతావేవమ్మా?"

"అంతేనండి. పొడుగు గ్లాసు కదండీ, ఎక్కువే. నిన్న మీరే వెరీ గుడ్ అన్నారు కదండీ!"

గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీదుర్గకి పై ప్రాణాలు పైనే పోయాయి. సీటు గోవిందా!

ధర్మరాజు గారు వంగి, అరుగు మీద సోల అందుకుని, చెంబులో పాలు అందులోకి ఒంపారు. చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసింది. "చూడండి, సోలైనా నిండలేదు! ఎవరైనా కొలిచి పోస్తారు గానీ, చూసి పోస్తారటండీ?" అని అరిచేశారు.

అరిచాక ఆయనకే ఏదో తట్టినట్టుంది. సుబ్బాయమ్మ గారు వచ్చి రెండు సోలలు నిండుగా కొలిచి, కొసరు కూడా పోస్తే, తలొంచుకుని వెళ్లిపోయారు.

లక్ష్మీదుర్గకి ఆ రోజంతా అన్నం సయించలేదు. సోమవారం లిస్టులో పేరు మూడుసార్లు చదువుకుంది. ఉంది! ఊపిరి పీల్చుకునే లోపే ఆఫీసు రూములోంచి పిలుపొచ్చింది. కూతుర్ని రెక్క పట్టుకుని వెళ్లింది.

లోపలికి అడుగు పెట్టగానే కృష్ణవేణి బీరువా దగ్గరికి పరిగెత్తింది. "సార్, ఈ జగ్గులో ఎన్ని సోలలు పడతాయండీ?"

లక్ష్మీదుర్గ దాని జబ్బ మీద గిల్లింది. ధర్మరాజు గారు ఓసారి జగ్గు వంక చూశారు. లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"అందుకేనండీ పిలిచేను. సాయంత్రం మీ అత్తయ్యగారిని ఓసారి పంపుతారా? సోల కూడా తెమ్మనండి."

"ఆయ్," అంది లక్ష్మీదుర్గ.

"పిల్లలందరూ ఇళ్లకెళ్లిపోయాక రమ్మనండేం. చూసేరంటే పాడైపోతారు."