లజ్రగ్ కాలికి మూడు సూదులు

సోమవారం పొద్దున బూసెల్హామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పశువుల డాక్టరు వస్తుంది. గుర్రం కాలికి ఒక సూది వేస్తుంది. పదింటికల్లా గుర్రం కుంటడం మానేస్తుంది. పదిన్నరకు అందరూ కూర్చుని పుదీనా టీ తాగుతూ వేడివేడి మ్సెమన్ రొట్టెలు తింటారు. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందో ఆయనకు కనిపించలేదు. యాభై ఎనిమిదేళ్లుగా తన పథకాలు వేటిలోనూ ఆయనకు అలాంటి చోటు కనిపించలేదు.

శుక్రవారం సిది స్లిమాన్ మైదానంలో తబూరిదా గుర్రపు పోటీకి ఎంపికలు. పదిహేను మంది రౌతులు ఒకే వరుసలో దౌడు తీస్తూ వచ్చి, పదిహేను తుపాకులు ఒక్క చప్పుడుగా పేల్చాలి. వరుస నడుమ ఉండి కేక వేసేవాడే నాయకుడు. ఊళ్లో ఆ పదవి ముప్పై ఒక్క ఏళ్లుగా బూసెల్హామ్‌ది. ఆ పదవి మీద తొమ్మిదేళ్లుగా కన్నేసి, ఎంతో వినయంగా ఆయన కుడిపక్కన గుర్రం నడుపుతున్నవాడు జెల్లూల్. "మా అన్న ఆరోగ్యం బాగుంటే అంతే చాలు" అని జెల్లూల్ రోజుకు రెండుసార్లు అంటాడు. విన్నప్పుడల్లా బూసెల్హామ్ తన నాడి తానే పట్టి చూసుకునేవాడు.

అలాంటి సమయంలో పది రోజులుగా లజ్రగ్ కుంటుతోంది. అది బూడిదరంగు పోతుగుర్రం. ఆ ఇంట్లో దాన్ని 'అది' అనే ధైర్యం ఎవరికీ లేదు. బూసెల్హామ్, తామూ అనే ఆయన ఇల్లాలు, ఇద్దరూ 'వాడు' అనే అంటారు. పిల్లలు లేని ఇల్లు మరి.

డాక్టర్ ఇతిమాద్ చెప్పిన వేళకే వచ్చింది. చదువు ముగించి మూడేళ్లయింది, పుస్తకాల మీద కొండంత నమ్మకం ఉంది. ఆమె కంటే ముందే లాడాలు కొట్టే అల్లాల్ వచ్చి, బోర్లించిన తొట్టి మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. తన మేకు తప్పుగా దిగడం వల్లే గుర్రం కుంటుతోందని బూసెల్హామ్ మూడు కాఫీ దుకాణాల్లో చెప్పినట్టు తెలిసి, పరువు నష్టం వసూలు చేసుకోవడానికి వచ్చాడు.

"ఎవరైనా పగ్గం పట్టుకుని కాస్త పరిగెత్తించండి" అంది డాక్టరు.

"ఎవరైనా ఏంటమ్మా? వాడి పగ్గం పట్టేది నేనొక్కణ్ణే. వేరే చెయ్యి పడితే కరుస్తాడు" అన్నాడు బూసెల్హామ్.

లజ్రగ్ పుట్టి పదకొండేళ్లయింది. ఇంతవరకు ఎవరినీ కరవలేదు.

బూసెల్హామ్ గుర్రం గడ్డానికి జానెడు దూరంలో పగ్గాన్ని రెండు చేతులా బిగించి, కాళ్ల దాకా వేలాడే జెల్లాబాలో పెరడంతా పరిగెత్తాడు. పక్కన గుర్రం తల అడుగడుగుకూ కిందికి, పైకి ఊగింది.

"పగ్గం కొంచెం వదులు చెయ్యండి."

"వదులు చెయ్యడానికి వాడేమన్నా గాడిదా?"

డాక్టరు వాదించలేదు. "కుడి ముందు కాలు" అని తేల్చింది. వెంటనే అందరూ కుడి ముందు కాలి వైపు చూశారు. వంటింటి గుమ్మంలోంచి తామూ చూసింది. పక్కింటి మహ్‌జూబా గోడ మీద నుంచి తల పెట్టి చూసింది. అల్లాల్ ఆ కాలి లాడం ఊడదీసి మేకులన్నీ వరుసగా పేర్చి, "ఏ మేకు తప్పో చెప్పండి" అన్నాడు. డాక్టరు పెద్ద పటకారుతో గిట్టంతా నొక్కి చూసింది. గుర్రం ఆవులించింది.

"నొప్పెక్కడో వాడు నోరు తెరిచి చెప్పడు కదండీ. అందుకని కింది నుంచి ఒక్కోచోట తిమ్మిరి మందు వేసుకుంటూ వస్తాను. కుంటడం ఆగిందంటే నొప్పి ఆ చోటే. ఆగకపోతే ఇంకాస్త పైన వేస్తాను."

"అంటే నయమయ్యే మందు కాదా?"

"కాదండీ. గుర్రాన్ని అడుగుతున్నామన్నమాట."

"పన్నెండు కిలోమీటర్లు బండేసుకొచ్చింది గుర్రాన్ని ప్రశ్నలడగడానికా తల్లీ?"

మొదటి సూది మడమ దగ్గర పడింది. పది నిమిషాలు ఆగారు. డాక్టరు పెన్ను మొనతో మడమ మీద గుచ్చి చూస్తే గుర్రానికి పట్టనైనా పట్టలేదు. బూసెల్హామ్ పరిగెత్తించాడు. తల ఊగింది. రెండో సూది గిట్ట పైన కీలు దగ్గర పడింది. మళ్లీ పది నిమిషాలు. మళ్లీ పరుగు. తల ఇంకా ఎక్కువ ఊగింది.

అల్లాల్ తొట్టి మీద నుంచి లేచాడు. "గిట్టంతా మొద్దుబారినా కుంటుతున్నాడుగా? అయితే నా లాడం తప్పు కాదు. ఆ మూడు దుకాణాలకూ వెళ్లి ఈ మాట చెప్పు. నేను వెనకాలే వస్తా."

"కూర్చుని టీ తాగండి, తర్వాత చూద్దాం" అంది తామూ.

"నేను నిలబడే తాగుతా" అన్నాడు బూసెల్హామ్.

డాక్టరు నుదురు తుడుచుకుని గట్టిగానే అంది. "కింద మొత్తం చచ్చుబడింది. ఇక పైకి పోవాల్సిందే."

మహ్‌జూబాకు ఒక చెవి వినబడదు. పెరటి వైపు పెట్టింది ఆ చెవినే. చచ్చింది, పైకి పోయింది అన్నంతవరకు ఆమెకు స్పష్టంగా చేరింది. గోడ దిగి రొట్టెల బట్టీ దగ్గరకు పరుగు తీసి, "బూసెల్హామ్ వాళ్ల లజ్రగ్ పోయాడు" అంది. బట్టీ దగ్గర రద్దీగా ఉండడం వల్ల చివరి వాళ్లకు "బూసెల్హామ్ వాళ్ల... పోయాడు" అని మాత్రమే అందింది. కిరాణా కొట్టు చేరేసరికి 'వాళ్ల' కూడా రాలిపోయింది.

పెరట్లో మూడో సూది మోకాలి కింద పడుతుండగానే వీధి తలుపు చప్పుడైంది. తామూ తీసింది. బూసెల్హామ్ మేనత్త యెత్తూ, ఎనభై ఏళ్ల మనిషి, చంకలో పొడుగాటి చక్కెర దిమ్మతో నిలబడి ఉంది. ఆమె వెనక చావు పలకరింపుకు వచ్చిన ఆడవాళ్లు ఇంకో పదిమంది, తలా ఒక చక్కెర దిమ్మతో. తామూకు కళ్లు చెమర్చాయి. గుర్రానికి బాగాలేదంటే ఊరు ఇంతలా కదిలి వస్తుందని ఆమె అనుకోలేదు.

"దేవుడు నీకు ఓపికనివ్వాలి తల్లీ. ఎలా జరిగిందే?"

"కుడికాల్లో మొదలైంది అత్తా. పైదాకా పాకింది. మూడు సూదులు పడ్డాయి."

"బాధపడ్డాడా వాడు?"

"లేదత్తా, తిమ్మిరి మందు ఇచ్చారుగా. ఆవులించాడు కూడా."

"అయ్యో నా బంగారు తండ్రీ! పొద్దున ఏమన్నా తిన్నాడా?"

"బకెట్ నిండా బార్లీ పోస్తే ఒక్క గింజ మిగల్చలేదు."

యెత్తూ ఏడుపు ఆపి కోడల్ని కిందికీ పైకీ చూసింది. "బకెట్లోనా? పోయే రోజున కూడా వాడికి పళ్లెంలో పెట్టలేకపోయావా?" అని, ఆగిన చోటి నుంచే మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది.

ఇంతలో మగవాళ్లు దిగారు. ముందు జెల్లూల్, వెనక రౌతులు. కబురు అందిన పది నిమిషాల్లోనే కాఫీ దుకాణంలో సభ జరిగింది. నాయకత్వం తీసుకోమని అందరూ బతిమాలితే జెల్లూల్ మూడుసార్లు కాదని, నాలుగోసారి ఒప్పుకున్నాడు. బతిమాలింది ఎవరో మాత్రం తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు. అందరిలోకీ తెల్లటి జెల్లాబా వేసుకుని, ఏం మాట్లాడాలో దారంతా నెమరు వేసుకుంటూ, శవాన్ని పెరట్లో ఉంచారనుకుని అటే నడిచాడు. శవం గుర్రాన్ని పట్టుకుని పరిగెత్తుతోంది.

"అన్నా! నువ్వు... బతికే ఉన్నావా?"

"ఏం? నీకేమైనా ఇబ్బందా?"

జెల్లూల్ నెమరు వేసుకున్న సంతాపంలో మొదటి మాట అనేసి నాలుక కరుచుకున్నాడు. వెనక నుంచి ఒక అమాయకపు రౌతు ఆదుకున్నాడు. "జెల్లూల్‌ను నాయకుణ్ణి చేసేశాం అన్నా. ఇప్పుడు తీసెయ్యాలంటే మళ్లీ సభ పెట్టాలా?"

బూసెల్హామ్ పగ్గం వదిలేసి జెల్లూల్ మీదికి వెళ్లాడు. తొమ్మిదేళ్లుగా అనకుండా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. "నా ఒళ్లు చల్లబడకముందే నా గుర్రం ఎక్కుతావా? నా టీ తాగి నా చోటు కొలిచావట్రా?"

"ఎవరో ఒకరు పగ్గం పట్టండి! మందు దిగిపోతుంది!" అని డాక్టరు అరిచింది.

బూసెల్హామ్ చేతికి చిక్కకుండా ఉండడానికి జెల్లూల్‌కు గుర్రం పక్కన తప్ప వేరే చోటు కనబడలేదు. పగ్గం పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి పారిపోయాడు. గుర్రం అతని పక్కన ఒక్క అడుగు తప్పకుండా, తల కదపకుండా, పెళ్లి ఊరేగింపులో టీ పళ్లెం మోస్తున్నట్టు సాగిపోయింది.

"మోకాలి కిందే!" అని డాక్టరు చప్పట్లు కొట్టింది. "నాయకుడు మారగానే బాగుపడ్డాడు" అని అమాయకపు రౌతు దేవుణ్ణి పొగిడాడు.

"ద్రోహీ!" అన్నాడు బూసెల్హామ్. ఈసారి గుర్రంతో. పగ్గం లాక్కుని తాను పరిగెత్తించాడు. తల ఊగింది. జెల్లూల్ పరిగెత్తించాడు. ఊగలేదు. బూసెల్హామ్ పరిగెత్తించాడు. ఊగింది. ఆ పొద్దున మొదటిసారిగా డాక్టర్ ఇతిమాద్ గుర్రం కాళ్ల మీద నుంచి చూపు తీసి, పక్కనున్న కాళ్ల మీద పెట్టింది.

"బూసెల్హామ్ గారూ, గుర్రం వద్దు. మీరొక్కరే నడవండి."

"నేనా? జబ్బు వాడికమ్మా."

"నడవండి."

పది గజాలు నడిచాడు. నలభై కళ్లు చూశాయి. ఎడమ పాదం నేల తాకిన ప్రతిసారీ మనిషి ఒక పక్కకు ఒరిగాడు. చేతిలో పగ్గం ఉండి ఉంటే దానికే వేలాడేవాడు, దానితో పాటే గుర్రం తలా కిందికి వచ్చేది.

"ఎడమ కాలు" అన్నాడు అల్లాల్, వృత్తి గౌరవంతో. "లాడం ఊడదియ్యాలి."

బూసెల్హామ్ చెప్పు విప్పాడు. బొటనవేలు వంకాయలా ఉంది.

"ఇక దాచి ఏం లాభం?" అంది తామూ గుమ్మంలోంచి. "పది రోజుల కింద టీ సగం కాగుతుండగా గ్యాస్ అయిపోయింది. కోపమొచ్చి బండను తన్నారు. అయిపోయిన బండను తన్నినా బాగుండేది. దాని పక్కన నిండుగా ఉన్నదాన్ని తన్నారు. ఎవరికైనా చెబితే ఒట్టే అన్నారు."

ఎవరో నవ్వబోయి బూసెల్హామ్ ముఖం చూసి ఆగారు. ఆయన తొట్టి మీద కూర్చున్నాడు. "కుంటివాణ్ణి ఎవడు నడుమ నిలబెడతాడే?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో. తర్వాత డాక్టరు వైపు ఆశగా చూశాడు. "ఆ తిమ్మిరి మందు ఏమన్నా మిగిలిందా అమ్మా? శుక్రవారం ఒక్కపూటకు."

"మనుషులకు నేను వెయ్యను. ఆ వేలు విరిగింది. ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించండి. నెలరోజులు రికాబులో కాలు పెట్టకూడదు. గుర్రాన్ని సాయంత్రం దాకా కదపకండి, ఏ లోపమూ లేదు." మూడు సూదులు వేసి గానీ ఈ సంగతి కనుక్కోలేకపోయినందుకు ఆమె పెట్టె సర్దుతూ ఎవరి కళ్లలోకీ చూడలేదు.

బూసెల్హామ్ లేచి లజ్రగ్ మెడ మీద చెయ్యి వేశాడు. కాలి మీద మూడుచోట్ల వెంట్రుకలు గొరిగి ఉన్నాయి. తన వేలి నొప్పిని పది రోజులుగా ఆ మూగజీవి తలతో మోయించానని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత పగ్గం తీసుకెళ్లి జెల్లూల్ చేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టకు. నేను పట్టింది చాలు."

తొమ్మిదేళ్లుగా ఆ పగ్గం కోసం ఎదురుచూసిన జెల్లూల్ ముఖం పాలిపోయింది. రౌతులకు వినబడకుండా దగ్గరికొచ్చి, "అన్నా, కేక ఏ అడుగు దగ్గర వెయ్యాలి? ఎప్పుడూ నీ వైపు చూసి పేల్చడమే గానీ, నేనెప్పుడూ లెక్కపెట్టలేదు" అన్నాడు.

మూడు రోజుల పాటు బూసెల్హామ్ కుర్చీలో కూర్చుని, కాలు దిండు మీద పెట్టి నేర్పాడు. అల్లాల్ ఊడదీసిన లాడం తిరిగి కొట్టాడు, మూడు దుకాణాల్లోనూ క్షమాపణ విన్నాకే. చావు పలకరింపుకు తెచ్చింది వెనక్కి పట్టుకెళ్లకూడదని యెత్తూ పట్టుబట్టడంతో చక్కెర దిమ్మలన్నీ ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. పళ్లెంలో పెట్టలేదన్న మాటను మాత్రం ఆమె వెనక్కి తీసుకోలేదు.

శుక్రవారం ఒక రౌతు తగ్గిన వరుసలో లజ్రగ్ మీద జెల్లూల్ నడుమ నిలిచాడు. పదమూడు తుపాకులు ఒక్క చప్పుడుగా పేలాయి. పద్నాలుగోది, అంటే నాయకుడిది, కాస్త ఆలోచించుకుని పేలింది. అయినా ఆఖరి స్థానంలో ఊరు ఎంపికైంది. ముందు వరుసలో కట్టు కట్టిన కాలితో కూర్చున్న బూసెల్హామ్, పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని పెద్దమనిషి వైపు వంగి, "గుర్రంలో ఏ లోపమూ లేదని నేను మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను, వింటే కదా!" అన్నాడు.