హ్యాండోవరా, ఆండాళ్ళా?

నడుస్తున్న మాటను ఒక టవరు చేతిలోంచి ఇంకో టవరు చేతిలోకి కింద పడకుండా అందించడాన్ని శాస్త్రజ్ఞులు ‘హ్యాండోవర్’ అంటారు. మా కోనసీమలో దాన్నే క్లుప్తంగా ‘హ్యాండివ్వడం’ అంటాం. ముమ్మిడివరం పక్కన రొయ్యల చెరువు గట్టు మీద నిలబడ్డ పైడమ్మ గారికి మాత్రం ఈ రెండూ కాక మూడోది వినిపించింది.

“మీ అబ్బాయి గారు హ్యాండోవర్‌లో కట్టయ్యారమ్మా” అంది ఫోన్లో కస్టమర్ కేర్ అమ్మాయి.

ఏరియేటర్లు చెరువును చిలుకుతున్న హోరులో ఆవిడ చెవికి చేరిన పాఠం ఇది: “మీ అబ్బాయి గారు ఆండాళ్ళుతో జట్టయ్యారమ్మా.”

“ఆండాళ్ళెవత్తే?” అని ఆవిడ వేసిన కేకకి గట్టు మీది కొంగలన్నీ అవతలి చెరువుకి లేచిపోయాయి. (కొంగలకు రోమింగు ఉచితం.)

అసలు సంగతి మనవి చేస్తాను. పైడమ్మ గారి కొడుకు అబ్బులు ఆ ఉదయం ఏదో మేత కంపెనీ మీటింగుకని ముక్తేశ్వరం రేవులో గోదారి దాటించే పంటెక్కి కోటిపల్లి బయల్దేరాడు. ఇక్కడేమో ఆకాశం నిండా మబ్బు. ముసురు పట్టేస్తే చెరువులో ఉన్న రొయ్య ఉన్నట్టే ఊపిరాడక చచ్చి తేలిపోవచ్చు. కంగారుపడి పట్టేస్తే ఎదగాల్సిన రొయ్య ఎదక్కుండానే వ్యానెక్కుతుంది. వలలవాళ్ళు వచ్చారు, ఐసు వచ్చింది, రావలసిందల్లా యజమాని మాట. అంటే గట్టు మీద నెట్టుంది, వర్కు లేదు. గోదాట్లో వర్కుంది, నెట్టు లేదు.

అబ్బులు భార్య ఉమాదేవి ఫోన్ చేసింది. “ఏవండీ, పట్టించమంటారా, మానమంటారా?”

పంటు సరిగ్గా పాయ మధ్యకు చేరింది. ఇవతలి ఒడ్డు టవరు ఒక ఫోను కంపెనీది, అవతలి ఒడ్డు టవరు ఇంకో కంపెనీది. వినియోగదారుడి మాటను మధ్యలో వదిలెయ్యరాదని వాళ్ళిద్దరికీ పకడ్బందీ ఒప్పందం ఉంది. (ఒప్పందం ఒడ్ల మధ్య కుదిరింది. నీళ్ళ సంతకం తీసుకోలేదు.)

“చెరువు పట్టించ—” అన్నాడు అబ్బులు. అంతే. తర్వాత గోదావరి.

ఇందులో తెలుగు భాష తప్పు కొంత ఉందని ఒప్పుకోవాలి. మన వాక్యానికి ప్రాణం తోకలో ఉంటుంది. పట్టించెయ్, పట్టించకు, పట్టించొద్దు: తల ఒకటే, తోకలే వేరు. రొయ్యల ఫ్యాక్టరీలో తల తీసేసి తోక ఉంచుతారు. నెట్‌వర్కు తల ఉంచి తోక తీసేసింది.

“పట్టించెయ్యమన్నారండి. గొంతులో ఊపుంది” అన్నాడు వలల మేస్త్రి.

“వద్దనే అనుంటాడు. పుట్టాక వాడు వద్దనడం తప్ప ఇంకేవన్నాడు గనక?” అంది కన్నతల్లి.

తిరిగి చేస్తే ‘పరిధిలో లేరు’. ఇక దిక్కు ఫోను కంపెనీ వారి పాయమధ్య సంభాషణా నిరంతరతా విభాగమే. తెగిన మాటల తోకల్ని వెతికిపెట్టే శాఖ ఇదేనని ఉమాదేవి నమ్మకం. అక్కడికి కలిపింది గానీ, అంతలో వలలవాళ్ళు పిలిస్తే ఫోను అత్తగారి చేతిలో పెట్టింది. (ఇదీ హ్యాండోవరే.) తర్వాతి చరిత్ర పైన చెప్పుకున్నాం. మిగిలిన సంభాషణ ఇలా సాగింది.

“ఆ ఆండాళ్ళు మీ కంపెనీ మనిషేనా?”

“మా కంపెనీలో రోజూ ఉండేదేనమ్మా. మీ అబ్బాయి గారొక్కరే కాదు, పంటులో అందరికీ ఇంతే.”

“అందరితోనా!”

“కంగారుపడకండమ్మా. ఒడ్డు దాటాక మళ్ళీ మీ దగ్గరికే వచ్చేస్తారు. ఇకమీదట పాయ మధ్యలో మాట్లాడేటప్పుడు క్రియ ముందు పెట్టమనండి. ‘పట్టించకు చెరువు’, ‘రాను నేను’. మా నియమావళిలో ఉంది.”

‘రాను నేను’ ఒక్కటే పైడమ్మ గారికి స్పష్టంగా వినిపించింది. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని, “ఒసేయ్ ఉమా, ఇంక రాడంటే! ఆండాళ్ళుతో జట్టయ్యేడంట!” అంది.

ఉమాదేవి మబ్బు వైపు చూసింది. కొంగు దోపింది.

“ఆండాళ్ళుతో పోయిన మనిషి మాట కోసం నేనిక్కడ నించోవాలా? దించండి వల!”

ఐసు మీదికి చేరిన రొయ్య నిగనిగలాడింది. వ్యాను గట్టు దిగేసరికి వాన మొదలైంది. ఈలోగా అవతలి ఒడ్డు నుంచి అబ్బులు ఎన్నిసార్లు చేసినా ఉమాదేవి ఫోనెత్తలేదు. (అప్పుడు సిగ్నలు దివ్యంగా ఉంది. పరిధిలో లేనిది కాపురం.)

మధ్యాహ్నానికి తడిసి ముద్దయి అబ్బులు దిగాడు. బండి వెనక సత్తియ్య. అదే ఊరివాడు, ఉదయం అదే పంటులో వెళ్ళినవాడు.

“నన్నడక్కుండా ఎవరి ఇష్టంతో పట్టించేవే?” అని గట్టు అదిరేలా అరిచాడు అబ్బులు.

“ముందు ఆండాళ్ళెవరో చెప్పండి.”

“ఆండాళ్ళెవరే?”

“పంటులో అందరితోనూ జట్టంట కదరా! ఆ సత్తియ్యక్కూడా తెలిసే ఉంటాది!” అంది పైడమ్మ.

సంగతంతా విని సత్తియ్య పొట్ట పట్టుకున్నాడు. నవ్వు ఆగాక గట్టు మీద అందరికీ వినపడేలా విడమరిచాడు. “ఆండాళ్ళు కాదండి పిన్నిగారూ, హ్యాండోవరండి. జట్టు కాదండి, కట్టు. పాయ మధ్యలో ఈ టవరు వదిలేసి ఆ టవరు పట్టుకోదండి. ఇంతకీ అబ్బులు గారు అన్నమాట నేను పక్కనే ఉండి విన్నానండి. ఇంజను హోరు కదండి, కేకేసి చెప్పేరండి, పంటంతా విన్నాది. ‘చెరువు పట్టించడవో మానడవో నీ ఇష్టం’ అన్నారండి.”

వలలవాళ్ళు వల దులపడం ఆపేశారు. ‘నీ ఇష్టం’ అన్నది తెలుగు కాపురాల్లో సాధారణంగా అనుమతి కాదు, హెచ్చరిక. అయినా ఆ మాట ఆ ఇంట్లో ఆ రూపంలో కూడా ఎవరూ విని ఉండలేదు.

ఉమాదేవి మొహం విప్పారింది. “నిజంగానే అన్నారేంటండీ?”

“ఆయ్” అన్నాడు అబ్బులు, నేల చూపులు చూస్తూ. “పాయ మధ్యలో ఉన్నాను కదా, నీకు వినపడదులే అనుకున్నాను.”