కువైటు గోడ

ఆ సోమవారం పొద్దున విశ్వేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, ఇంటి వాకిట్లో నలుగురు మేస్త్రీల చేత ఒక గోడ కట్టించాలి, సాయంత్రానికి దాన్ని విప్పించెయ్యాలి. అన్నకు మాత్రం తెలియకూడదు. ఇంతే. ఇందులో ఇల్లు రెండు ముక్కలయ్యేంత సంగతి ఏముందో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు.

సూర్యాపేట బజారులో ధాన్యం దుకాణం వెనకే వాళ్ళ ఇల్లు. దుకాణం, మిర్యాలగూడ రైసుమిల్లులో వాటా, ఇంట్లో పెత్తనం అన్న రాంచందర్ చూసుకునేవాడు. తమ్ముడు విశ్వేశ్వర్‌కు ఉన్న ఆస్తి నోరు. ఆ నోటితో ఆయన సోడా ఫ్యాక్టరీ నడిపాడు, లారీలు తిప్పాడు, టార్చిలైట్ల ఏజెన్సీ తీసుకున్నాడు. మూడూ మూతబడ్డాయి. నాలుగోది మనుషులను గల్ఫుకు పంపే వ్యాపారం. "ఇదే ఆఖరు. గిది గూడ మునిగితే దుకాణంల కూసొని తూకం సూసుకో" అని అన్న ఒక్కటే మాట చెప్పాడు. అన్న పక్కన కూర్చుని తూకం చూడటమంటే విశ్వేశ్వర్‌కు ఒళ్ళు జలదరిస్తుంది. అన్న మంచివాడే. కాకపోతే ఒక్క గింజ కింద పడినా తలెత్తి చూస్తాడు, ఏమీ అనడు. ఆ అనకపోవడమే భరించడం కష్టం.

మొన్నమొన్నటి దాకా ఆ వ్యాపారం హాయిగానే సాగింది. బొంబాయి కంపెనీ మేస్త్రీలు కావాలంటే, ఈయన దొరికినవాళ్ళను రైలెక్కించేవాడు, వీసాలు వచ్చేవి. మేస్త్రీ అని చెబితే మేస్త్రీ, వంటవాడని చెబితే వంటవాడు. అట్లా వెళ్ళిన మహానుభావుడెవరో కట్టిన గోడ కువైటులో ఒక షేకుగారి కొత్త కారు మీద కూలిందట. ఇక చూసుకోండి, కొత్త రూలు వచ్చిపడింది. కంపెనీ మనిషి ఊరికి వచ్చి, కళ్ళారా పని చూసి ఒప్పుకుంటేనే వీసా. ఆ దెబ్బకు కోదాడ ఏజెంటు కోళ్ళదాణా అమ్ముకోవడానికి పోయాడు. మిర్యాలగూడ ఏజెంటు అల్లుడి ఇంటికి పోయి ఇంకా తిరిగి రాలేదు. విశ్వేశ్వర్‌కు పోవడానికి తూకం ముందు తప్ప ఇంకో చోటు లేదు.

ఆయన దగ్గర మిగిలిన నలుగురు ఎర్రయ్య, గౌరయ్య, గేమ్యా, బిచ్చా. వాళ్ళలో ఎర్రయ్య ఒక్కడే నిజంగా తాపీ పట్టినవాడు. పాపం, ఊళ్ళో గోడలన్నీ కట్టి తన ఇంటికి కప్పు వేసుకోలేనివాడు. మిగతా ముగ్గురూ ఇటుకలు మోసినవాళ్ళు. అందుకే ఈ సాధన. వీధిలో కట్టిస్తే వంకర పోయినప్పుడల్లా ఊరు నవ్వుతుంది. ఇంట్లో అయితే విశాలమైన వాకిలి ఉంది, గోదాము కోసం అన్న తెప్పించిన ఇటుకలున్నాయి, అన్న వడ్ల కొనుగోలు మీద మిర్యాలగూడలో ఉన్నాడు. వాకిలికి ఒకవైపు అన్న గదులు, వంటిల్లు, బావి. రెండోవైపు తమ్ముడి గదులు. మధ్యలో మాత్రమే బండలు సమంగా ఉన్నాయి కాబట్టి గోడ సరిగ్గా మధ్యలో లేచింది.

అన్నదమ్ములున్న ఇంట్లో నడివాకిట గోడ లేస్తే దానికి ఒకటే అర్థం. అది విశ్వేశ్వర్‌కు తప్ప సూర్యాపేటలో అందరికీ తెలుసు.

పెద్దకోడలు హైమావతి బిందెతో బయటికి వచ్చి నిలబడిపోయింది. ఇదేం గోడ అని చిన్నకోడలు అన్నపూర్ణను అడిగింది. సంగతి బావగారికి చేరకూడదని మొగుడు అన్నపూర్ణ చేత ముందే ఒట్టు వేయించుకున్నాడు. "నాకెర్క లేదక్కా, ఆయన్నే అడుగు" అంది ఆ పిల్ల, తల దించుకుని. హైమావతి అడిగే మనిషా! లోపలికి పోయి మామిడికాయ పచ్చడి జాడీని అటకమీది నుంచి దించి తన గదిలో పెట్టుకుంది. జాడీ కనబడకపోయేసరికి, నేనేం తప్పు చేశానని అన్నపూర్ణ ఏడ్చి, కిరసనాయిలు స్టవ్వు తన గదిలోకి తెచ్చుకుంది. మధ్యాహ్నానికి ఆ ఇంట్లో రెండు కూరలు ఉడికాయి. అత్తగారు సీతమ్మ ఒకరి దగ్గర తింటే ఇంకొకరు నొచ్చుకుంటారని రెండు చోట్లా తిన్నది. ఇన్నేళ్ళకు తనకేం వండాలో అడిగారని లోపల కొంచెం సంతోషించింది కూడా.

మట్టితో కట్టిందే కాబట్టి సాయంత్రం గోడ విప్పారు. మర్నాడు మళ్ళీ కట్టారు. తమ్ముడు పొద్దున కట్టిస్తున్నాడని, పొద్దుగూకే వేళకు ముసలామె కాళ్ళావేళ్ళా పడి తీయిస్తోందని బజారంతా చెప్పుకుంది. ఆ కబురు వడ్ల లారీ ఎక్కి మిర్యాలగూడ చేరింది.

రాంచందర్ శుక్రవారం బస్సులో దిగాడు. వాకిట్లోకి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. తమ్ముణ్ణి ఒక్క ముక్క అడగలేదు. చిన్నప్పటి నుంచి భుజం మీద మోసినవాణ్ణి ఏమని అడగాలి? గోరుతో ఇటుకల మధ్య గీకి చూశాడు. మట్టి రాలింది. "కట్టేది కడితే గట్టిగ కట్టుర్రి" అని, గోదాము తెరిచి, దాని నేల కోసం దాచిన సిమెంటు బస్తాలు బయట పెట్టించాడు. పర్మిట్టుంటే తప్ప సిమెంటు దొరకని రోజులవి. పంచె ఎగగట్టి, గోడ నిటారుగా లేస్తోందో లేదో చూడటానికి దారానికి గుండు కట్టి, రెండు రోజులు తనే పట్టుకుని నిలబడ్డాడు. ఇటుక ఒక్క వెంట్రుకవాసి జరిగినా తీయించి మళ్ళీ పెట్టించాడు. ఎటువైపూ ఒక అంగుళం ఎక్కువ పోకూడదన్నాడు. ఇటుకలు మోసిన ఆ ముగ్గురికీ పని నిజంగా వచ్చింది ఆ రెండు రోజుల్లోనే.

విశ్వేశ్వర్ ఆనందం పట్టలేకపోయాడు. అన్న మారిపోయాడని, తన వ్యాపారాన్ని ఇన్నాళ్ళకు దీవించాడని పెళ్ళానికి చెప్పి మురిసిపోయాడు. అన్న ఎదురైనప్పుడల్లా నవ్వాడు. పాలు పంచుకోవడానికి ఇంత సంబరమా అని అన్న గుండె మండిపోయింది.

ఇంతలో బొంబాయి నుంచి ట్రంకాల్ వచ్చింది. వీసా రూలు మళ్ళీ మారిందట, కంపెనీ మనిషి రావడం ఆలస్యమవుతుందట. సిమెంటు గోడను రోజూ విప్పడానికి లేదు. ఎర్రయ్య పూటపూటకూ నీళ్ళు చల్లుతూ వచ్చాడు. గోడ బిగిసింది. ఇంట్లో మనుషులూ బిగిశారు. ఎవరి గదులకు వాళ్ళు వీధి తలుపుల్లోంచి పోతున్నారు.

చివరికి కోదాడ నుంచి ఆ ఇంటి అల్లుడు, అన్నదమ్ములకు బావ అయిన నాగేశ్వర్ రావు పంపకం తీర్చడానికి దిగాడు. అన్నదమ్ములిద్దరినీ చాప మీద కూర్చోబెట్టి, సీతమ్మను పిలిచి, గొంతు సవరించుకున్నాడు.

"గోడ సంగతి అయిపోయింది, బానే ఉంది. మరి బావి ఎవరికోయ్ విశ్వం?"

"బావి ఎందుకు బావా? నీళ్ళు కంపెనోళ్ళే ఇస్తరు."

నాగేశ్వర్ రావుకు అంతుపట్టలేదు. "అత్తయ్యగారు ఎవరి దగ్గరుంటారు?"

"అమ్మ కువైటుకు ఎందుకు?" అన్నాడు విశ్వేశ్వర్.

రాంచందర్ మెల్లగా తల తిప్పాడు. "ఈ గోడ కువైటు కోసమా?"

"పరీక్షకే అన్నా. మేస్త్రీల పని సూపెట్టనీకి. మరి నువ్వు దేనికనుకున్నవ్?"

రాంచందర్ పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. "ఇల్లు మొత్తం రాసియ్యమన్నా రాస్తుంటి గదరా. గోడెందుకు పెట్టినవోనని నిద్ర పోలే" అన్నాడు. విశ్వేశ్వర్ అన్న కాళ్ళు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తలుపు చాటున కోడళ్ళిద్దరూ ఒకరి కొంగుతో ఒకరు ముక్కు తుడుచుకున్నారు.

సీతమ్మ రోకలి తెచ్చింది. ముందు ఈ పీడను కూలగొట్టమంది. రాంచందర్ గడ్డపార పట్టాడు, నాగేశ్వర్ రావు సుత్తి పట్టాడు, కోడళ్ళు చెరో రోకలి. విశ్వేశ్వర్ రెండు నిమిషాలు తటపటాయించి, అన్న ముఖం చూసి, కువైటు పోతే పోయిందని, తూకం ముందే కూర్చుంటానని తనూ సమ్మెట ఎత్తాడు. ఎర్రయ్య ఒక మూలన నిలబడి కప్పులేని తన ఇంటిని తలుచుకుని కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వీధిలో టాక్సీ ఆగింది. కంపెనీ మనిషి సూటూబూటుతో లోపలికి వచ్చి గుడ్లప్పగించి చూశాడు. ముసలామెతో సహా కుటుంబం మొత్తం చెమటలు కక్కుతూ ఒక గోడను బాదుతోంది. గోడ మీద గీతలు పడుతున్నాయి తప్ప ఒక్క ఇటుక కదలడం లేదు.

"యే కైసా టెస్ట్ హై?" ఇదేం పరీక్షని అడిగాడు ఆయన.

విశ్వేశ్వర్ ఆస్తి అప్పుడు పనికివచ్చింది. "హమారా టెస్ట్ ఐసాహీ హోతా సాబ్" మా దగ్గర పరీక్ష ఇట్లాగే ఉంటుందన్నాడు, సమ్మెట దించకుండానే.

కంపెనీ మనిషి గోడను తట్టాడు, గుండు వేలాడదీసి చూశాడు, తనూ ఒకసారి గడ్డపారతో పొడిచి చెయ్యి విదిలించుకున్నాడు. నలుగురికీ వీసాలు ఖాయం చేశాడు. ఇంత బాగా పని చేయించింది ఎవరని అడిగి, రాంచందర్‌ను కూడా పంపమన్నాడు. రాంచందర్ వెళ్ళి తల్లి వెనక నిలబడ్డాడు.

రూలు మళ్ళీ మారకముందే కంపెనీ మనిషి నలుగురినీ అదే టాక్సీలో ఎక్కించుకుని పోయాడు. ఆ తరవాత గోడ కూల్చడానికి ఎందరో పనివాళ్ళు వచ్చారు, పలుగులు వంచుకుని పోయారు. వంటిల్లు మళ్ళీ ఒకటయ్యింది. జాడీ అటకెక్కింది. విశ్వేశ్వర్ సంసారం మూడు పూటలా వీధిలోంచి చుట్టు తిరిగి భోజనానికి వస్తుంది.

కలిసి ఉండే అన్నదమ్ములెవరంటే బజారులో అందరూ ఆ ఇంటినే చూపిస్తారు, గోడ ఏమిటని అడిగితే మాత్రం కట్టినవాడే వచ్చి విప్పాలని, కువైటులో ఎర్రయ్యకు రెండేళ్ళ దాకా సెలవు లేదని అంటారు.