సంరక్షణ సూత్రాల కంఠతా పోటీ

ఒక పెద్ద అడవిలో, అడవికి తగ్గంత పెద్దదేం కాదు గానీ, పేరున్న ప్రార్థన మందిరం ఒకటి ఉండేది. ఆ పేరు కంఠతా పట్టడంలో వచ్చింది. అక్కడి జంతువులకి ఏ కాగితం దొరికినా బట్టీపట్టి అప్పజెప్పడం అలవాటు. వాక్యాలు అప్పజెప్పేవాళ్ళు, పాటలు అప్పజెప్పేవాళ్ళు, ఒక ఏడాది ఎవరిదో పెళ్ళి శుభలేఖ కూడా అప్పజెప్పారు. తప్పు పోకుండా చెప్పినవాళ్ళకి స్టీలు గిన్నె ఇచ్చేవారు. అర్థం అడిగే అలవాటు మాత్రం ఎవరికీ లేదు. అర్థానికి గిన్నె ఇవ్వరు కదా మరి!

ఆ మందిరం పాస్టరు జ్ఞానానందం అయ్యగారు ఎలుగుబంటి. మంచివాడు. ఎవరినీ నొప్పించడు, అందుకని ఎవరికీ అక్కరకి రాడు. సంఘ కార్యదర్శి ప్రభాకరం గారు కొండముచ్చు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు రాజ్యమ్మ గారు అడవిదున్న. ఇక పిల్లలకి ఆదివారం బడి నడిపేది సిలాసు మాస్టారు. ఆయన ఉడుము.

ఉడుముకి పిట్టపిల్లలంటే ఎందుకంత ఇష్టమో అడవిలో తెలియని వాళ్ళు లేరు. కానీ ఏం చేస్తాం, ఆయన గొంతు బాగుంటుంది. పైగా వాగు అవతలి మందిరం వాళ్ళు ఉత్తరం రాసిచ్చారు. "సిలాసు మాస్టారు మా దగ్గర్నుంచి వెళ్ళిపోతుంటే మాకు మాటలు రావడం లేదు" అని అందులో ఉంది. కమిటీవాళ్ళు అది చదివి కళ్ళు తుడుచుకున్నారు. అంత మంచి మాస్టారిని ఎందుకు వదులుకున్నారని ఒక్కరంటే ఒక్కరు అడిగితే ఒట్టు.

ఆ మందిరానికి వచ్చేవాళ్ళలో సువార్తమ్మ అని ఒక కౌజుపిట్ట ఉండేది. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురు, పేరు రూతు. మాటల పోగు. అలాంటి పిల్ల కొన్నాళ్ళుగా ఆదివారం వస్తే చాలు, కడుపునొప్పి అనడం మొదలెట్టింది. ఒక ఆదివారం బడి నుంచి ఆలస్యంగా వచ్చింది. వీపు మీద ఈకలు లేవు.

"ఏమైందే తల్లీ?" అంది సువార్తమ్మ.

"పాట సరిగా రాలేదని మాస్టారు వెనక గదిలో ఉంచేశారమ్మా."

"గదిలో ఇంకెవరున్నారు?"

"ఎవరూ ఉండరు. తలుపేస్తారు." పిల్ల గొంతు తగ్గించింది. "నీకు చెప్తే నిన్ను సంఘంలోంచి తీసేస్తారంట."

సువార్తమ్మ అప్పటికప్పుడే లేచింది. కూతుర్ని రెక్క కింద పెట్టుకుని, తిన్నగా అయ్యగారింటికి పోయి ఉన్నదంతా చెప్పింది.

అయ్యగారు అంతా విని, "అయ్యో" అన్నారు. తరవాత ఇంకోసారి "అయ్యో" అన్నారు. అంతలో ఏదో గుర్తొచ్చి ఆయన ముఖం వెలిగింది. "అమ్మా సువార్తమ్మా, దేవుడి ఏర్పాటు చూడు! నిన్ననే పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మందిరంలో ఏ బాధ్యతలో ఉన్నవాళ్ళయినా సరే, పాస్టరు నుంచి గంట కొట్టేవాడి దాకా, పిల్లల సంరక్షణ మీద శిక్షణ తీసుకోవాలట. నీ సంగతి అందులో వచ్చేస్తుంది."

"శిక్షణ సరేనండి, ఈ ఆదివారం సంగతేంటి?"

"శిక్షణ లేకుండా ఇలాంటి వాటిల్లో చెయ్యి పెట్టకూడదట. అదీ ఉత్తర్వులో ఉందనుకుంటా," అన్నారు అయ్యగారు.

ఉత్తర్వులో అలా లేదు. నేను చూశాను. రెండు రోజులు కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుని, తమ మందిరంలో పిల్లలకి ఎక్కడ ముప్పు ఉందో వెతుక్కోమని ఉంది. చివర అయిదు సూత్రాలు ఉన్నాయి. పెద్దలెవరూ బిడ్డతో తలుపు వేసుకుని ఒంటరిగా ఉండకూడదు. బిడ్డ చెప్పింది విని నమ్మాలి. విన్నది దాచకుండా పెద్దాఫీసుకి తెలపాలి. ఎవరి మీద మాట వచ్చిందో వాళ్ళని అదే రోజు పని నుంచి పక్కన పెట్టాలి. అయిదోది పిల్లల కోసం: నిన్నెవరైనా భయపెడితే, బాధపెడితే, వాళ్ళ పేరు గట్టిగా చెప్పు.

ఇంతే. కోతి కూడా అర్థం చేసుకోగలదు. అయినా కమిటీ కూర్చుంది.

"రెండు రోజులు మాట్లాడుకోవాలా?" అన్నారు ప్రభాకరం గారు. "మాట్లాడుకుంటే మాటలు బయటికొస్తాయి. మన సంఘం అలాంటిది కాదు."

"ముప్పు వెతకమనడం ఏంటండీ, మన పరువు మనమే తీసుకోడానికా?" అన్నారు రాజ్యమ్మ గారు. "అయిదు సూత్రాలున్నాయి కదా, కంఠతా పోటీ పెట్టేద్దాం. పెద్దాఫీసు వాళ్ళనే పిలుద్దాం. మన పిల్లలు గడగడా చెప్తే వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టాలి."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. కంఠతా అంటే వాళ్ళ సొంత విద్య.

"మరి నేర్పేదెవరు?" అన్నారు అయ్యగారు.

మళ్ళీ అడగాలా? మంచి గొంతున్నది ఒక్కరికే. సిలాసు మాస్టారు అయిదు సూత్రాలకీ రాగం కట్టారు. తబలా కూడా పెట్టించారు.

నాలుగు వారాలు సాధన నడిచింది. సువార్తమ్మ పిల్లని బడి మాన్పిద్దామనుకుంది. ప్రభాకరం గారు ఇంటికొచ్చి, సాధనకి రానివాళ్ళ పేర్లు సంఘం జాబితాలో ఉండవని మెత్తగా చెప్పిపోయారు. ఆ జాబితాలో పేరుంటేనే అడవిలో గూడుకి చోటిస్తారు. ఒంటి రెక్క మీద పిల్లని పెంచుతున్న పిట్ట, ఎక్కడికి పోతుంది? పిల్లని తీసుకుని తనూ వచ్చి గోడ పక్కన కూర్చుంది.

రెండో వారం సిలాసు మాస్టారు, "రూతుకి ఒకటో సూత్రం పట్టుబడటం లేదు, విడిగా చెప్పించాలి," అన్నారు. ఒకటో సూత్రం అంటే తలుపు వేసుకుని ఒంటరిగా ఉండకూడదని. అది చెప్పించడానికి పిల్లని వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు వెయ్యబోయారు.

సువార్తమ్మ ఎగిరి గుమ్మంలో కూర్చుంది. "నేనూ ఉంటాను మాస్టారూ."

"శిక్షణలో లేనివాళ్ళు ఇక్కడ ఉండకూడదమ్మా," అన్నారు మాస్టారు ఎంతో మర్యాదగా.

"అయితే ఇక్కడే నేర్పండి, నేనూ శిక్షణలో చేరుతున్నా."

కదల్లేదు. గట్టిగా గెంటుదామంటే బయట రాజ్యమ్మ గారు పూలు కడుతున్నారు. మాస్టారు నవ్వి, పాఠం రేపు చూసుకుందామన్నారు. ఆ రోజు నుంచి రూతు ఎక్కడుంటే సువార్తమ్మ అక్కడే. మేత మానుకుంది. చిక్కి సగమైంది. "పిల్ల మీద ఈ అనుమానపు ప్రేమ ఏంటమ్మా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అని రాజ్యమ్మ గారు మందలించారు. "ఈకలన్నాక ఊడవా? నాకు మాత్రం కొమ్ము విరగలేదా?"

పిల్లకి రాత్రుళ్ళు నిద్ర లేదు. తల్లికీ లేదు. ఒక తెల్లవారుజామున రూతు అడిగింది. "అమ్మా, అయిదో సూత్రం నిజంగా చెయ్యడానికా, చెప్పడానికేనా?"

సువార్తమ్మ పిల్లని రెక్క కిందకి లాక్కుంది. ఏం చెప్పినా ముందు దెబ్బ పడేది పిల్లకే. చివరికి, "నాకు తెలిసినంతవరకు చెయ్యడానికేనమ్మా. నువ్వేం చేసినా నీ పక్కన నేనుంటా," అంది.

పోటీ రోజు వచ్చింది. మందిరం నిండిపోయింది. పెద్దాఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చారు. ఆయన గుడ్లగూబ. పగలు సరిగా కనబడదు గానీ సంతకం మాత్రం సూటిగా పెడతారు.

ముందు పెద్దల వంతు. సిలాసు మాస్టారు కళ్ళు మూసుకుని, చెయ్యి గుండె మీద పెట్టి అయిదూ పాడారు. బిడ్డ చెప్పింది నమ్మాలి అన్న చోట గొంతు వణికించారు. సభలో కొందరు ఏడ్చారు. నిర్ణయం అప్పుడే అయిపోయింది, మొదటి బహుమతి ఆయనదే. అయ్యగారు రెండో సూత్రం దగ్గర కొంచెం తడబడ్డారు గానీ గట్టెక్కారు. గంట కొట్టే ఉడుత కూడా తప్పు లేకుండా చెప్పింది.

తరవాత పిల్లలు. రూతు వేదిక ఎక్కింది. వీపు మీద ఈకలు ఇంకా మొలవలేదు. పిల్ల నాలుగు సూత్రాలు చక్కగా చెప్పింది. అయిదోది మొదలెట్టింది. "నిన్నెవరైనా భయపెడితే, బాధపెడితే, వాళ్ళ పేరు గట్టిగా చెప్పు."

ఆగింది. సభలో సువార్తమ్మ లేచి నిలబడింది.

"సిలాసు మాస్టారు," అంది రూతు, గట్టిగా.

అలవాటు కొద్దీ సభంతా చప్పట్లు కొట్టింది. సగంలో ఏం విన్నదో తెలిసి ఆగిపోయింది.

రాజ్యమ్మ గారు ముందు తేరుకున్నారు. "సూత్రంలో లేని మాట చెప్పింది. రెండు మార్కులు తీసెయ్యాలి."

తనిఖీ అధికారి కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు. "నిజమే. పేరు చెప్పమని ఉంది గానీ, ఇందులో పేరేదీ ఇవ్వలేదు."

తరవాత తీతు వంతు. వాడు కుందేలు పిల్ల. మాస్టారు వాడి వైపు చూస్తూనే ఉన్నారు. వాడు మొదటి నాలుగూ వదిలేసి అయిదోది మాత్రం చెప్పాడు. "సిలాసు మాస్టారు," అన్నాడు. దిగి తల్లి దగ్గరకి పరిగెత్తాడు.

ఆ వెనక ముళ్ళపంది పిల్ల వచ్చింది. "నన్ను ఎవరూ ముట్టుకోలేదండీ, నాకు ముళ్ళున్నాయి," అంది. "కానీ కిటికీలోంచి చూశాను. సిలాసు మాస్టారే."

"పిల్లలు ఒకరు చెప్పింది ఇంకొకరు అప్పజెప్తున్నారు. మన బడిలో అలవాటు అది," అన్నారు ప్రభాకరం గారు, అధికారి చెవిలో.

సువార్తమ్మ వేదిక ఎక్కింది. కూతుర్ని పక్కకి తీసుకుంది. గొంతు వణకలేదు. "అయ్యగారూ, రెండో సూత్రం చెప్పండి."

అయ్యగారు లేచి నిలబడి, ఈసారి తడబడకుండా చెప్పారు. "బిడ్డ చెప్పింది విని నమ్మాలి."

"మరి?"

"మరేముందమ్మా, చెప్పాను కదా."

"నాలుగోది?"

"ఎవరి మీద మాట వచ్చిందో వాళ్ళని అదే రోజు పని నుంచి పక్కన పెట్టాలి."

"ఆ రోజు ఇవాళేనండి."

అయ్యగారు అధికారి వైపు చూశారు. సువార్తమ్మ గుడ్లగూబ వైపు తిరిగింది. "మీరు పెద్దాఫీసు కదండీ? మూడో సూత్రం ప్రకారం మీకే తెలపాలి. తెలిపాను."

"నేను ఇవాళ పోటీకి వచ్చానమ్మా," అన్నారు అధికారి. "ఫిర్యాదుల పని మీద వచ్చినప్పుడు తెలపండి."

"ఇవన్నీ తరవాత. ముందు బహుమతులు," అన్నారు రాజ్యమ్మ గారు. సిలాసు మాస్టారికి శాలువా కప్పారు. స్టీలు గిన్నె చేతికిచ్చారు. ఆయన గిన్నె ఎత్తి సభకి చూపిస్తుండగానే, కుందేలు తల్లి లేచి తీతుని ఎత్తుకుని బయటికి నడిచింది. ఆమె వెనక ముళ్ళపంది. ఆ వెనక జింక, ఉడుత, నాలుగు పావురాలు. సువార్తమ్మ రూతు రెక్క వదలకుండా వాళ్ళతో కలిసింది. జాబితా సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు. మందిరంలో పిల్లలన్నవాళ్ళు మిగల్లేదు.

వారం రోజులు కమిటీ తర్జనభర్జన పడింది. చివరికి గొడవ సద్దుమణగాలని సిలాసు మాస్టారిని గౌరవంగా పంపించేద్దామనుకున్నారు. కొండ అవతలి మందిరానికి ఉత్తరం రాశారు, మాకు మాటలు రావడం లేదని. మాస్టారు ఆ ఉత్తరం పట్టుకుని కొండ దిగేసరికి, అక్కడి మందిరం గేటు దగ్గర సువార్తమ్మ, కుందేలు తల్లి, ముళ్ళపంది తల్లి ఉత్తరం సంగతి విని ముందే వచ్చి, పిల్లల్ని పక్కన పెట్టుకుని కూర్చున్నారు. వచ్చే ప్రతి తల్లికీ జరిగింది జరిగినట్టు చెప్తున్నారు. వాళ్ళకి మాటలు బాగానే వస్తున్నాయి. ఆ మందిరం గేటు తెరుచుకోలేదు. దాని తరవాతి మందిరమూ తెరుచుకోలేదు. ఉడుముపట్టు అంటారే, అది ఉడుముకొక్కదానికే ఉంటుందని మాస్టారు అనుకున్నారు పాపం.

తల్లులు గడ్డిమైదానంలో బడి పెట్టుకున్నారు. గోడల్లేవు, తలుపుల్లేవు, నలుగురికీ నలువైపులా కనబడుతుంది. పక్కపక్కనే గూళ్ళు కట్టుకున్నారు. పాటలు కొంచెం శ్రుతి తప్పుతాయి. రూతుకి వర్షాలు పడేనాటికి ఈకలొచ్చాయి. కడుపునొప్పి పోయింది. మళ్ళీ మాటల పోగయింది, ఇప్పుడు వద్దన్నా ఆగదు.

ఆ ఏడాది చివర పెద్దాఫీసు నుంచి గుడ్లగూబ గారు మళ్ళీ తనిఖీకి వచ్చారు. ఆదివారం బడి గది తాళం వేసి, శుభ్రంగా కడిగి ఉంది. అయ్యగారు అయిదు సూత్రాలూ గడగడా అప్పజెప్పారు. అధికారి ఫారం నింపారు. పిల్లలకి జరిగిన హాని: లేదు. పిల్లల నుంచి ఫిర్యాదులు: లేవు. శిక్షణ పొందినవారు: అందరూ. పిల్లల సంఖ్య అన్న గడి ఫారంలో లేదు. ఆ ఏడాది అడవిలో అత్యంత సురక్షితమైన మందిరం అన్న ప్రశంసాపత్రం వాళ్ళకే వచ్చింది. రాజ్యమ్మ గారు దానికి అద్దం కట్టించారు.

నీతి: మందిరం పూర్తిగా సురక్షితం కావాలంటే పిల్లల్ని కాపాడక్కర్లేదు, పిల్లలు వెళ్ళిపోయేదాకా ఓపిక పడితే చాలు.