అచ్యుతరామారావుగారి పసుపుముద్ద

అచ్యుతరామారావుగారితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆయన ఏదీ సగం చదివి వదిలేయరు. మొత్తం చదివి, సగం అర్థం చేసుకుంటారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన ఆయన, భార్య త్రిపురసుందరికి రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన నాటినుంచీ ఫోన్లో వైద్యం చదువుతున్నారు.

మూడో కీమో అయ్యాక డాక్టరుగారు గట్టిగా చెప్పారు, బరువు తగ్గితే నాలుగోది వాయిదా పడొచ్చని. వాయిదా అంటే త్రిపురసుందరికి గుండెదడ. అందుకే ఆ పొద్దున రెండు ఇడ్లీలు, కారప్పొడి, నెయ్యి అనుకుని బల్ల ముందు కూర్చుంది.

"నెయ్యి అసలొద్దు," అన్నారు రామారావుగారు. "ఒంట్లో లోపల వాపుంటుందిట. ఇవన్నీ దాన్ని ఎగదోస్తాయి."

"నాకెక్కడుందండీ వాపు? చిక్కి సగమయ్యాను."

"అది కంటికి కనపడదు సుందరీ."

కంటికి కనపడని వాటిమీద ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషితో ఏం వాదిస్తుంది! ఇడ్లీల పళ్లెం పక్కకి పోయి, పసుపు, మిరియాలు, అవిసెగింజలు నూరిన ముద్ద ముందుకొచ్చింది. రెండు స్పూన్లు మింగి, మంచినీళ్లు తాగి పడుకుంది.

సత్యనారాయణపురంలో ఒకరికి ఒంట్లో బాగాలేదంటే అపార్ట్‌మెంటంతా పొయ్యి వెలిగిస్తుంది. మధ్యాహ్నానికల్లా ఎదుటి ఫ్లాట్ ఉషశ్రీ ఆవడలు పంపింది. అవి సుందరి కంటపడితే ప్రమాదమని రామారావుగారు నిలబడే తినేశారు. పారేయడం తప్పు కదా. ఖాళీ గిన్నె తిరిగి పంపడం ఇంకా తప్పు. కాబట్టి నిండా పసుపుముద్ద పెట్టి పంపారు.

ఉషశ్రీ రుచి చూసింది. కారానికో, జాలికో కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాపం, ఆంటీకి ఇదొక్కటే సయిస్తున్నట్టుందండీ," అని కింది ఫ్లాట్ వెంకటరత్నమ్మగారికి చెప్పింది. మర్నాటినుంచి రెండిళ్లవాళ్లూ రెండేసి గిన్నెలు పంపసాగారు. "ముద్ద ఆంటీకి. పులిహోర అంకుల్‌కి. వండిపెట్టే దిక్కులేదుగా, పాపం!"

పులిహోర తిన్నాక గిన్నెలు ఖాళీ అవుతాయి. నూరే ఓపిక లేక రామారావుగారు ఉషశ్రీ ముద్ద వెంకటరత్నమ్మగారికి, ఆవిడ ముద్ద ఉషశ్రీకి సర్దేవారు. అది చూసి, ఆంటీకి ఇంకా ఇదే సయిస్తోందనుకుని వాళ్లు మరింత చేసేవారు. రెండు వారాల్లో రెండిళ్ల మిక్సీలూ పచ్చబడ్డాయి.

నాలుగో కీమోకి మూడు రోజుల ముందు ఆసుపత్రిలో, డైటీషియన్ సాయిశ్రీ బరువు చూసి ఉలిక్కిపడింది. "మూడు కేజీలు తగ్గారమ్మా! ఏం తింటున్నారు?"

"ఆమెకి పెట్టిందే నేనూ తింటున్నాను మేడమ్," అన్నారు రామారావుగారు ధీమాగా.

"అయితే మీరూ ఎక్కండి సార్."

ఎక్కారు. క్రితంసారి సరదాకి ఎక్కినప్పుడు డెబ్బై రెండు. ఇప్పుడు డెబ్బై అయిదు.

"కేజీలు ఎక్కడికీ పోలేదు మేడమ్, ఇంట్లోనే ఉన్నాయి," అంది త్రిపురసుందరి.

వాపు, పసుపుముద్దల కథంతా విని సాయిశ్రీ నవ్వు ఆపుకుంది. "వాపు సంగతి అబద్ధం కాదు సార్. కానీ కడుపు మాడిస్తే కండ కరిగిపోతుంది. పప్పు, పెరుగు, పనీర్, ఆవిడకి సయించింది పెట్టండి. కూరలో చిటికెడు పసుపు చాలు. పొడులు స్పూన్లతో పెట్టేముందు మమ్మల్నడగండి."

"మరి సోమవారం కీమో?" అడిగింది త్రిపురసుందరి.

సాయిశ్రీ ఫోన్‌లో డాక్టరుగారితో మాట్లాడింది. "రక్తపరీక్ష బాగానే ఉందట. సోమవారమే. కానీ ఇవాళ్టినుంచి తినాలి."

రామారావుగారు భార్య పక్కన కూర్చున్నారు. "తప్పు నాదే సుందరీ. భయమేసి చదివాను. నీకేం తినాలనుందో ఒక్కసారీ అడగలేదు."

త్రిపురసుందరి ఆయన చెయ్యి పట్టుకుని, సాయిశ్రీ వైపు తిరిగింది.

"ఆ మాట ఫైల్లో రాసుకుని, ఆయన చేత సంతకం పెట్టించండమ్మా."